అరుగు మీది విస్తరాకు

చెంగమ్మ ఆ రోజు అబద్ధమాడలేదు. నోరు తెరవలేదు, అంతే. ఈ రెంటికీ తేడా లేదని తర్వాత ఆమే అనేది.

మొగుడు పోయాక ముప్పై ఏళ్లుగా ఆమె ఉన్నది పుట్టింట్లోనే, సత్యవేడుకు నాలుగు మైళ్ల దూరంలోని పల్లెలో. పుట్టిల్లంటే ఇప్పుడు చిన్నాన్న కొడుకు ఏకాంబరం ఇల్లు. పెరట్లో ఒక గది, రెండు పూటలా తిండి. బదులుగా ఆవులు, పేడ, వేరుశనగ కళ్లం. తోడబుట్టినవాళ్లు లేరు, బిడ్డల్లేరు. ఫలానా రోజున రమ్మని పిలిచే గడప ఒక్కటీ లేదు.

ఏడాదికొకసారి మాత్రం ఆమెకే అప్పజెప్పే పని ఒకటుంది. పెద్దల అమావాస్యనాడు ఇంట్లో గోడవారగా పోయినవాళ్లందరికీ వరసగా విస్తళ్లు వేస్తారు. ఒక్క ఆకు బయట అరుగు మీద. అది ముత్తాత తమ్ముడు చెంగల్రాయుడిది. నూటిరవై ఏళ్ల కిందటి ధాతు కరువులో సముద్రం దాటినవాడు కులం చెడ్డాడు గనుక లోపల చోటు లేదు. వాడు తనంతట తానే పోయాడని ఊరు చెప్పుకుంటుంది. అన్నే రెండు మూటల రాగులకు కూలీల దళారికి అప్పగించి, తమ్ముడి భూమి కలుపుకున్నాడని చెంగమ్మకు అవ్వ చెవిలో చెప్పి పోయింది. కరువులో మనుషుల్ని అమ్ముకున్న ఊళ్లు దానికి వలస అని పేరు పెట్టుకుంటాయి. ఆ ఆకు ప్రేమతో వేసింది కాదు, భయంతో వేసింది. దానికి విధవరాలి వడ్డన చాలనుకున్నారు.

1999 శ్రావణంలో ఆ అరుగు మీదికే ఒక మనిషి వచ్చి కూర్చుంది. పేరు క్లోదీన్ చెంగల్రాయ. యాభై ఏళ్లుంటాయి, తలనిండా ఉంగరాల జుట్టు. వెంట సుందరరాజు అని పాండిచ్చేరి దుబాసీ. ఓడ కాగితం నకలు తెచ్చింది. చెంగల్రాయుడు, ఇరవై రెండేళ్లు, ఈ ఊరి పేరు.

"దొరసాని అంటే తెల్లగుంటాదనుకుంటి," అన్నాడు ఊరిపెద్ద మునిరామయ్య. "మనకంటే నలుపే గదబ్బా."

సుందరరాజు ఆ మాట చెబితే ఆమే ముందు నవ్వింది. ఫొటోలు పరిచింది. దీవి పేరు రీయూనియన్, మడగాస్కరుకు తూర్పున.

"మీ చిత్తూరు జిల్లాని ఆరు ముక్కలు సేస్తే ఒక ముక్కంత," అన్నాడు సుందరరాజు. "నడిమధ్యన కొండలు. ఒక కొండ నిప్పు కక్కుతాది. ఆఫ్రికావోళ్లు, మనోళ్లు, చీనావోళ్లు, తెల్లోళ్లు అందరూ కలిసిపోయినారు."

"రాజ్యం ఎవురిది?"

"ఫ్రాన్సుది. ఓటు, బడి, ఆసుపత్రి అంతా ఆ దేశం మాదిరే. కలెక్టరు గూడా ఆడినుంచే వస్తాడు."

"అంత దూరం నుంచా? మన కలెక్టరు చిత్తూరు నుంచే ఈడికి రాడే," అన్నాడు మునిరామయ్య. "పైరేంది?"

"చెరుకు. ఈమె ముత్తాత నరికింది గూడా అదే. అయిదేండ్ల ఒప్పందమని తోలుకోని పోయినారు. మళ్లా తిరిగి వచ్చింది లేదు."

చెరుకాకు చేతిని ఎలా కోస్తుందో చెంగమ్మకు తెలుసు. మజ్జిగ తేవడానికి లేచింది. మునిరామయ్య ఏకాంబరాన్ని లోపలికి పిలిచాడు.

"నూటిరవై ఏండ్లకు ఎవురన్నా ఊరకనే వస్తారా? భూమిలో పాలడగను వచ్చింటాది."

"ఆడోళ్లకీ పాలుండాదని సట్టం గూడా వచ్చె గద మామా."

"అందుకే. ఆ పేరు ఈ ఊర్లో లేదని సెప్పు."

ఏకాంబరం చెంగమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నీకేం తెలీదు." ఆగి, పెరట్లో ఆమె గది తలుపు వైపు ఒకసారి చూశాడు.

ఆమె మజ్జిగ చెంబుతో బయటికొచ్చేసరికి క్లోదీన్ ఏదో చెబుతోంది. సుందరరాజు తెలుగులో అన్నాడు. "వాళ్లిండ్లల్లో గూడా సచ్చినోళ్లకి ఆకులేస్తారంట. వీళ్లింట్లో మటుకు ఒక ఆకు బయట, సముద్రం తట్టు తిప్పి యేస్తారంట. ఈడ ఉండిపోయిన అన్నకంట. 'మాయన్న కరువులో ఏం తిన్నాడో' అని ముత్తాత ఏడుస్తా ఉన్నెంట. ఈడ గూడా అట్లా ఎవురన్నా ఏస్తారా అని అడగతా ఉండాది."

సరిగ్గా ఆ ఆకు వేసే చోటే కూర్చుని అడిగింది. ఊళ్లో అందరికీ తెలుసు. అందరూ చెంగమ్మను చూశారు.

"అట్లాంటిదేం లేదమ్మా," అన్నాడు ఏకాంబరం.

క్లోదీన్ మజ్జిగ తాగి, చెంబు తిరిగిస్తూ చెంగమ్మ చేయి కాసేపు వదల్లేదు. ఎల్లుండి అలిపిరి నుంచి నడిచి కొండెక్కి తలనీలాలిస్తానని, ఆ మర్నాడు కొండ దిగి తన ఊరికి పోతానని చెప్పించింది. కారు పోయింది.

ఆవులను వదిలి కదలడం చెంగమ్మకు క్లోదీన్ కొండ దిగే రోజుకు గానీ కుదరలేదు. మొక్కు ఉందని చెప్పి తొలి బస్సెక్కింది. అలిపిరి మెట్ల దగ్గర కూర్చుంది. ఉంగరాల జుట్టే గుర్తు పెట్టుకుంది. దిగివచ్చేవాళ్లలో సగం తలలు గుండ్లే, అన్నింటికీ ఒకటే గంధం. ఊరినుంచి వచ్చేటప్పుడు ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. ఇద్దర్ని ఆపింది. ఒకామె నెల్లూరు. ఇంకొకామె "యాడికమ్మా, తప్పిపోయినావా?" అని తనే అడిగింది. పొద్దుగూకే బస్సుకు ఇల్లు చేరింది.

పెద్దల అమావాస్య వచ్చింది. చెంగమ్మ చెంగల్రాయుడి ఆకును లోపల, గోడవారగా వరసలో వేసింది.

"అక్కా, అది బయటది," అన్నాడు ఏకాంబరం.

"వాళ్లు మనకు అన్నం పెడతాండారు రా, నూటిరవై ఏండ్లుగా."

"ఊరు సూస్తాది." ఆకు తీసుకెళ్లి అరుగు మీద పరిచాడు.

చెంగమ్మ వెనకే వెళ్లింది. ఆ ఆకును కొంచెం తూర్పుకు, సముద్రం తట్టు తిప్పి వడ్డించింది. పక్కనే తన ఆకు వేసుకుని కూర్చుంది. ఆమె పోయేవరకూ రెండు పూటలా అన్నం అక్కడే తిన్నది. లోపలికి రమ్మని ఏకాంబరం ఒకటి రెండుసార్లు పిలిచాడు. తర్వాత పిలవడం మానేశాడు.