రాతి మీద మాటల గూళ్ళు

"రాయి మీద గుడ్డ కప్పినావా?"

"కప్పినాలేయ్యా, పండుకో."

మా ఆయనకూ నాకూ నడుమ ఆఖరి మాటలు ఇవే. మధ్యాహ్నం ఇంత గంజి తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దు వాలేవేళకు లేపబోతే లేవలేదు. చూడవచ్చిన వాళ్ళందరూ "ఏమన్నా చెప్పి పోయినాడా?" అని అడిగారు. రాయి మీద గుడ్డ సంగతి అడిగి పోయాడంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచివాడు పోయేటప్పుడు బైబిలు వాక్యమో ప్రార్థనో నోట రావాలని వాళ్ళ ఆశ. మా ఆయన నోట రాయి వచ్చింది.

నాకు చదువు లేదు. మా తమ్ముని కూతురు బడిలో పిల్లలకు పాఠం చెప్తుంది. నేను చెప్తుంటే ఆ పిల్లే రాస్తోంది. నేను మా మాటలో చెప్తాను, తను దాన్ని పుస్తకాల తెలుగులోకి దించుతుంది. మనుషులు మాట్లాడుకున్న మాటల జోలికి మాత్రం పోవద్దన్నాను. తిట్లు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉండాలన్నాను. నా గొంతు కంకర మీద బండి పోయినట్టుంటుంది, అది ఎట్లా రాస్తుందో తన ఇష్టం.

కర్నూలులో కోటవైపు సందులో ఒక సాయిబుకు రాతి అచ్చు యంత్రం ఉండేది. ఉర్దూ నోటీసులు, పెండ్లి పత్రికలు, బీడీ కట్టల మీద అంటించే కాగితాలు అక్కడ అచ్చయ్యేవి. అందులో తెలుగు రాసే పని మా ఆయనది. రాతి అచ్చంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. అందులో సీసపు అక్షరాలు పేర్చే పని ఉండదు. నున్నగా నూరిన రాయి మీద కొవ్వు కలిపిన మసితో చేత్తోనే రాస్తారు. తర్వాత రాయిని తడిపి పైన మసి రుద్దితే తడి ఉన్నచోట నిలవదు, కొవ్వు ఉన్నచోట పట్టుకుంటుంది. దాని మీద కాగితం వేసి మరలో నొక్కుతారు. కాగితం మీద తిన్నగా రావాలంటే రాయి మీద తిరగేసి రాయాలి, అద్దంలో చూసినట్టు.

ఆ రాయికి కొవ్వు ఎవరిదైనా ఒకటే. తలనూనె గానీ, వేలి చెమట గానీ, రొట్టె తిన్న చెయ్యి గానీ తగిలితే అప్పటికి ఏమీ కనపడదు. మసి రుద్దినప్పుడు నల్లగా పైకి లేస్తుంది. అందుకే రాసేవాడి చెయ్యి రాతికి ఆనకుండా అటూ ఇటూ కాళ్ళున్న చెక్క ఒకటి అడ్డం పెట్టుకుంటారు. పెండ్లయిన కొత్తలో నేను వంగి చూడబోతే ఆయన కసిరేవాడు.

"దూరంగా నిలబడమే! నీ జడ తగిలిందంటే ఊరూరా నీ జడ అచ్చయి పోతాది."

"పోనీ. నా జడ ఊర్లన్నా చూస్తాది, నేనేమో ఈ సందు దాటింది ల్యా."

నోరు పెద్దదని తిట్టేవాడు గానీ పని మాత్రం నేర్పాడు. మైనం, సబ్బు, గొర్రె కొవ్వు కలిపి కాచి దీపపు మసి పోసి కడ్డీలు చేసేదాన్ని. రాసే ముందు ఆ కడ్డీని గిన్నెలో నీళ్ళతో అరగదీయాలి. రెల్లు తెచ్చి కలాలు చెక్కేదాన్ని. ఉడుత తోక వెంట్రుకలతో సన్న కుంచెలు కట్టేదాన్ని. శనగపిండితో చేతులు తోముకొని రాయి మీద గీతలు కూడా కొట్టేదాన్ని. చూసి చూసి అక్షరాల రూపం కంటికి పట్టింది. రొట్టెకు తలకట్టు పెడితే ఒక అక్షరం, కొడవలి వంపు తిరిగితే ఇంకొకటి. అచ్చయిన కాగితాన్ని మొదటిసారి ఇంటికి తెచ్చి చూపిస్తే నాకు నచ్చలేదు.

"ఇదేందయ్యా, అన్నీ తిరగబడినాయే! ఇంత పని చేసి చెడగొట్టినారే!"

ఆయన నవ్వుతూ అరుగు మీదే కూలబడ్డాడు. నాకేమో రాయి మీదది సరి, కాగితం మీదది తప్పు. ఇప్పటికీ అంతే. ఆదివారం గుడిలో పాటల పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు.

యుద్ధం నడుస్తుండగా మిషను ఆసుపత్రి దొరసాని ఒక బొమ్మల పుస్తకం వేయమని సాయిబుకు పని ఇచ్చింది. మా పక్క పల్లెల్లో దిగుడుబావుల నీళ్ళు తాగి జనానికి నారికురుపు లేచేది. నా ఎడమ చీలమండ మీద కూడా దాని మచ్చ ఉంది. చిన్నప్పుడు మా అమ్మ ఆ దారంలాంటి పురుగును పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెం లాగేది. తెగితే కాలంతా చీము పట్టేది. నీళ్ళు వడగట్టుకుంటే అది రాదని బొమ్మల్లో చెప్పాలని దొరసాని ఆలోచన. ఒక తల్లి, ఆమె కూతురు, కాలికి కురుపు లేచిన తండ్రి, వీళ్ళే అందులో మనుషులు. వరసగా బొమ్మలు, ఒక్కొక్కరి నోటి పక్కన మాటలు పట్టే ఖాళీ. దాన్ని మా ఆయన గూడు అనేవాడు. బొమ్మలు గీసినాయన కడపవాడు. రాళ్ళ మీద గీసేసి గూళ్ళు ఖాళీగా వదిలి పోయాడు. మాటలు నింపడం మా ఆయన వంతు.

ఆ పని వచ్చినప్పుడు ఆయనలో ఉన్న సంతోషం నేను అంతకు ముందు చూడలేదు.

"పెండ్లి పత్రిక ఆ పూటకే. నోటీసు ఎండకు పెళుసై రాలిపోతాది. ఇదైతే ఇండ్లల్లో ఉంటాది, సూడు. నీ మాదిరి కాళ్ళు పట్టుకోని ఏడ్చే పిల్లలకు" అన్నాడు.

అప్పటికే ఆయన కండ్లకు పొర కమ్ముతోంది. నాకు చెప్పలేదు. ఒక పొద్దున కలం మసిగిన్నెలో ముంచబోయి పక్కన నేల మీద ముంచాడు. రెండోసారీ అట్లాగే చేశాడు. నేను గిన్నెను కలం కిందికి జరిపాను.

"సాయిబుకు చెప్పొద్దు" అన్నాడు తర్వాత. "చెప్తే కడప నుంచి ఇంగొకర్ని పిలిపిస్తాడు. ఈ పుస్తకం నా చేతిమీదనే ముగియల్ల. మచ్చ ల్యాకుండా ముగియల్ల. ఆ తర్వాత ఈ కండ్లు యాడికి పోతే ఆడికి పోనీ."

మా పంచలో వెలుతురు బాగుందని సాకు చెప్పి రాళ్ళను ఇంటికే తెప్పించాడు. ఇద్దరు మనుషులు గడకర్రకు వేలాడదీసి ఒక్కొక్క రాయి మోసుకొచ్చి పెట్టిపోయేవాళ్ళు, రాసింది తీసుకుపోయేవాళ్ళు. నేను ఆయన చెయ్యి పట్టి చెక్క మీద ఆనించి గూడు దగ్గర నిలిపేదాన్ని. ఆయన ఎర్ర సుద్దతో అక్షరం లావుగా గీసేవాడు. సుద్దలో కొవ్వు ఉండదు, తుడిస్తే పోతుంది. ఆ గీత వెంబడి నేను కలంతో మసి నింపేదాన్ని. నింపాక ముఖం రాయికి దగ్గరగా పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేట్టు తల వంచి చూసేవాడు.

"ఏమ్మే, ఈ అక్షరానికి కడుపొచ్చిందా ఏంది? ఇంత ఉబ్బింది!"

"నువ్వు గీసినట్టే నింపినా. ఉబ్బింటే నీదే ఆ పాపం."

"కలం తిప్పేకాడ నీ మణికట్టు తిరగడం ల్యా. రొట్టె తడతాండావు అనుకో, చెయ్యి తిప్పు."

అట్లా అనుకుంటే నిజంగానే తిరిగింది. మెల్లగా ఉబ్బులు తగ్గాయి. ఆయన రాత ఏదో నా రాత ఏదో మాకే తెలియకుండా పోయింది.

చిక్కంతా ఒత్తులతో వచ్చేది. కడపాయన ఉర్దూ పనికి అలవాటుపడి గూళ్ళు పొట్టిగా, వెడల్పుగా వదిలాడు. "ఉర్దూ నీళ్ళ మాదిరి పక్కకు పారుతాది. మన తెలుగేమో చెట్టు, కిందికి వేర్లు దించుతాది" అని ఆయన సణిగేవాడు. చివరి రాయి కాడ ఆ చిక్కు ముదిరింది. బొమ్మలో తల్లి కడవ మూతికి గుడ్డ కట్టి నీళ్ళు పోస్తుంటుంది. కూతురు ఆమె ముఖంలోకి చూస్తుంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మాట ఏదో పొడుగాటిది, వస్త్రము, జలము అని. ఎట్లా ముడుచుకొని రాసినా గూటిలో పట్టదు. ఆయన సుద్దతో గీశాడు, తుడిచాడు, గీశాడు, తుడిచాడు. ఆఖరికి నావైపు తిరిగాడు.

"నీకొక బిడ్డ ఉండి, నీళ్ళు ఎట్ల తాగల్లమ్మా అని అడిగితే ఏమంటావు?"

మాకు పిల్లలు లేరు. ఆ మాట మేము ఎత్తేవాళ్ళం కాదు. అయినా అడిగింది పని కోసం, నేనూ పని కోసమే చెప్పాను.

"బట్టేసి వంపుకో బిడ్డా, అంటా."

ఆయన పెదవులు కదిపి గాలిలో వేలితో కొలుచుకున్నాడు. "పట్టుతాది" అన్నాడు. సాయిబు ఆసుపత్రికి కబురు పెడితే దొరసాని సరేనంది.

మరుసటి పొద్దున నేను తుంగభద్రకు నీళ్ళకు పోయాను. వచ్చేసరికి ఆ గూటిలో ఎర్ర సుద్దతో నా మాట రాసి ఉంది. నేను చెయ్యి పట్టకుండా తనంతట తానే రాశాడు. ఒక్క అక్షరం గీత తప్పలేదు. ఎట్లా రాశావంటే చెప్పలేదు. రాయి మీద గుడ్డ కప్పమన్నాడు. రేపు నింపుదువులే అన్నాడు. ఆ రేపటికి ఒళ్ళు కాలిపోతోంది. జ్వరం దిగలేదు.

సమాధి అయి జనం వెళ్ళిపోయాక సాయిబు వచ్చి పంచలో కూర్చున్నాడు. కాసేపు మా ఆయన మంచితనం గురించి మాట్లాడాడు. తర్వాత గుడ్డ తీసి రాయి చూశాడు.

"ఇదొక్కటే మిగిలిందా అమ్మా?"

"ఇదొక్కటే అన్నా."

"కడపకు మనిషిని పంపుతా. వాడొచ్చి నింపిపోతాడు."

"వద్దన్నా, నేను నింపుతా. ఇప్పటిదంకా నింపింది నేనే. ఆయన గీస్తే నేను మసి పెట్టినా. ఆయనకు కండ్లు కనపడతాల్యా."

సాయిబు గడ్డం నిమురుకున్నాడు. "ఆయనకు పోయినాయి గానీ నాకు ఉండాయి గదమ్మా కండ్లు. గిన్నె యాడుందో తడుముకునే మనిషి రాళ్ళు ఇంటికి పంపమంటే నాకు తెలియదా? తప్పు రానీ, అప్పుడడుగుదాం అనుకున్నా. రాల్యా." లేస్తూ అన్నాడు, "నింపు తల్లీ."

శనగపిండితో చేతులు తోముకున్నాను. ఆ రోజుల్లో ఎవరో ఒకరు తలకు నూనె రాస్తామని వచ్చేవాళ్ళు. వద్దంటే దుఃఖం అనుకున్నారు. నాది రాయి భయం. రెండు పొద్దులు కూర్చొని ఆ గూడు నింపాను. సుద్ద గీత దాటకుండా నింపాను.

అచ్చు వేసేనాడు నన్నూ రమ్మన్నాడు సాయిబు. ఒక ఆడమనిషి ఆ కొట్టు గడప లోపలికి పోవడం అదే మొదలు. తుమ్మబంక పూసిన రాయిని కడిగారు, తడి గుడ్డతో తుడిచారు, మసి పట్టిన దొర్లుడు కర్రను పైన నడిపించారు. తల్లి లేచింది, కూతురు లేచింది, కడవ లేచింది. నా మాట లేచింది. దాని పక్కనే, గూడు అంచు వెంబడి, నాలుగు వేలిముద్రలు, ఎడంగా ఒక బొటనవేలు నల్లగా లేచాయి.

నా చేతివి కావు. అంత వెడల్పు వేళ్ళు నాకు లేవు. నేను నీళ్ళకు పోయినప్పుడు ఆయన చెక్క తీసేసి, గూడు ఎక్కడుందో వేళ్ళతో తడుముకొని, వేళ్ళు అక్కడే ఆనించి రాశాడన్నమాట. జీవితమంతా నా జడను కూడా రాతి దగ్గరికి రానివ్వని మనిషి.

మొదటి కాగితం తీశారు. సాయిబు దాన్ని వెలుతురులో పట్టుకొని చూశాడు. ఆయనకూ తెలిసింది.

"ఉండనీ అమ్మా. కడవ నీడ అనుకుంటారు జనం. ఎవరికేం తెలుస్తాది?"

ఉండనీయమనే నా ప్రాణానికీ అనిపించింది. ఊరూరా ఆ వేళ్ళు పోతాయి, ప్రతి ఇంట్లో ఆ చెయ్యి ఉంటుంది అనిపించింది.

"అన్నా, ఆయన బతికుండి ఇది చూసింటే ఏమనేవాడు?"

సాయిబు కాగితాన్ని దించాడు. "నన్ను తిట్టేవాడు. నిన్ను ఇంగా శానా తిట్టేవాడు" అన్నాడు.

"గీకే కత్తి ఇయ్యన్నా."

చెక్క మీద చెయ్యి ఆనించి కూర్చున్నాను. చిటికెనవేలి ముద్రతో మొదలుపెట్టాను. రాయి లోతు పోకుండా, గూడు గీత తెగకుండా మెల్లగా గీకాలి. పొడి లేస్తే ఊదకూడదు, ఎంగిలి పడుతుంది. కుంచెతో తోయాలి. చూపుడువేలి కాడ గీతలు సుడి తిరిగినట్టు కనపడ్డాయి, వరిగడ్డి కుప్పను పైనుంచి చూసినట్టు. ఆగాను. మర తిప్పేవాడు దగ్గాడు. మళ్ళీ గీకాను. బొటనవేలు చివరికి పెట్టుకున్నాను, అది కూడా పోయింది. మళ్ళీ తడిపి మసి నడిపితే రాయి శుభ్రంగా ఉంది. ఆయన అడిగినట్టే మచ్చ లేకుండా ముగిసింది.

వేళ్ళున్న ఆ మొదటి కాగితాన్ని సాయిబు మడిచి నా చేతిలో పెట్టాడు. చాలాకాలం పెట్టెలో ఉంచుకున్నాను. ఒక వానాకాలం చెదలు తిన్నాయి. తినిపోతే పోయింది.

పుస్తకం ఊళ్ళకు పోయినాక ఒకసారి ఆత్మకూరు పక్క పల్లెకు మా బంధువుల ఇంట్లో పెండ్లికి పోయాను. బావి మెట్ల మీద ఒకామె కడవ మూతికి పైటచెంగు మడిచిపెట్టి నీళ్ళు పోస్తోంది. చెంగంతా తడిసి ఒంటికి అతుక్కుంది.

"యాలమ్మా ఈ కష్టం?" అన్నాను.

"మాయింట్లో బొమ్మల పుస్తకం ఉండాదిలే. బట్టేసి వంపుకో బిడ్డా అని దాంట్లో ఒకామె అంటాది. మా పాప దాన్ని పట్టుకోని నా ప్రాణం తోడతాంది, వడగట్టకపోతే గుక్క తాగదు. ఆ రాసినోళ్ళ చేతులు పడిపోను, ఎంత పని పెంచినారో!"

కడవ నెత్తికెత్తి పంపాను. దారి పొడుగునా నవ్వొచ్చింది.

ఇంతే. ఆ కలం పక్కన పెట్టు, అమ్మాయ్, వేళ్ళు నొప్పి పుట్టింటాయి. ఇప్పుడు మొదటి నుంచి నాకు చదివి వినిపించు. గబగబా పోవద్దు. ఆయన నన్ను తిట్టిన తావుల్లో గొంతు కొంచెం పెద్దది చెయ్యి.