ఉస్తాద్ తనమీద వేసుకున్న తప్పు

ఉస్తాద్ పోయాడని ఇస్నాపూర్‌లో టీ కొట్టు దగ్గర తెలిసింది. అప్పటికే మట్టి చేసి రెండు రోజులైందట. గ్లాసు కింద పెట్టేశాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

మీలో ఎవరైనా పటాన్‌చెరు వైపు పాత కారు నడిపి ఉంటే ఆయన తెలిసే ఉంటాడు. హైవే పక్కన రేకుల షెడ్డు. కార్లకు, వ్యాన్లకు వైరింగ్ పని చేసేవాడు. మీటర్లు, మిషన్లు లేవు. రెండు వైర్లు తగిలించిన చిన్న బల్బు ఒకటి ఉండేది. ఫ్యూజు తీసి ఆ చోట బల్బు పెట్టేవాడు. ఎక్కడైనా వైరు ఒరిసి బాడీకి తగులుతుంటే అది నిండుగా వెలిగేది. తర్వాత ఒక్కొక్క వైరూ ఊడదీస్తూ పోయేవాడు. ఏది తీస్తే బల్బు ఆరిందో, రోగం ఆ దారిలో ఉన్నట్టు. పని మొదలుపెట్టే ముందు మాత్రం ప్రతి డ్రైవరునూ ఒకటే అడిగేవాడు.

"ఎవరన్న చెయ్యి పెట్టిండ్రా?"

లేదని చెబితే నవ్వేవాడు. "బల్బుకు అబద్ధమాడుడు రాదు తమ్మీ. డ్రైవర్లకే వస్తది."

నాది కొండాపూర్ దగ్గరి పల్లె. పటాన్‌చెరులో ఒక డాక్టరు గారి అంబాసిడర్ నడిపేవాణ్ణి. తొంభైల మొదట్లో ఒక వానాకాలం, బ్రేకు తొక్కితే ఫ్యూజు పోవడం మొదలైంది. వైపర్లు కూడా ఆ ఫ్యూజు మీదే. ఉస్తాద్ బల్బు పెట్టి చూసి, రోగం వెనక సీటు నుంచి డిక్కీ దాకా ఎక్కడో ఉందన్నాడు.

"ఇయ్యాల బండి ఈడనే పెట్టు. సీటు ఇప్పాలె."

"సారు ఊకుంటడా ఉస్తాద్? సంగారెడ్డిల పెండ్లికి పోవాలె."

"అయితే ఇగో, రెండు ఫ్యూజులు. ఇవి పోతే బండి ఆపు. వాటి జాగల వైరు గిట్ల చుట్టినవనుకో, ఫ్యూజు కాదు, బండే కాలుతది."

రుద్రారం రాకముందే రెండూ పోయాయి. వాన. వెనక సీట్లో డాక్టరు గారు గడియారం చూసుకుంటున్నారు. "ఏందిరా, పెండ్లయినంక పోతమా?" అన్నారు. నేను దిగి, రాగి వైరు మెలిపెట్టి ఫ్యూజు చోట బిగించాను. వైపర్లు ఆడాయి. కొంత దూరం పోయామో లేదో, డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. బ్యాటరీ వైరు పీకేసరికే లోపలి వైర్లు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

లారీకి కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. డాక్టరు గారు అందరి ముందూ కేకలు వేశారు. "పొద్దుగాల నువ్వు ముట్టినవ్, మాపటికి కాలింది. అసలు పనొస్తదా నీకు?"

ఉస్తాద్ ఫ్యూజు పెట్టె మీదికి వంగాడు. నా రాగి వైరు ఆయన వేళ్లలోకి వచ్చింది. పిడికిలి మూశాడు.

"ఎవరన్న చెయ్యి పెట్టిండ్రా?" నన్నే అడిగాడు.

"లేదు ఉస్తాద్."

నిజం చెబితే నా నౌకరీ అప్పుడే పోయేది. ఇంట్లో రెండు నెలల పిల్ల. ఆ సంగతి ఆయనకు తెలుసు.

"నాదే తప్పు సార్. చేసిస్త," అన్నాడు.

మూడు రోజులు కూర్చుని వైరింగ్ మొత్తం మార్చాడు. డిక్కీ మూత తెరుచుకునే బిజాగరి దగ్గర, గోరంత మేర ఒరిసిపోయిన వైరు దొరికింది. అది నాకు చూపించాడు. పిడికిట్లో పట్టుకున్నదాని మాట ఎన్నడూ ఎత్తలేదు.

డాక్టరు గారు తెలిసినవాళ్లందరికీ చెప్పారు. ఫ్యాక్టరీ ఆఫీసర్ల కార్లు ఆ షెడ్డుకు రావడం మానేశాయి. తర్వాత ట్రాక్టర్ లైట్లు, ఆటో హారన్లు చేసుకుంటూ ఆయన గడిపాడు. నా నౌకరీ నిలబడింది. ఆ జీతం మీదే నా బిడ్డ ఏడో తరగతికి వచ్చింది.

నేను షెడ్డుకు పోయినప్పుడల్లా ఆయన అదే మాట అడిగేవాడు. అడిగి, నా మొహం చూస్తూ కాసేపు ఆగేవాడు. నేను లేదనేవాణ్ణి. సరేనని టీ చెప్పేవాడు. ఆయన ఆగిన ఆ కాసేపు ఇప్పుడు నాకు నిద్రలో వస్తోంది.

మొన్న డాక్టరు గారి దగ్గరికి పోయి అంతా చెప్పాను. ముసలివారయ్యారు. చాలాసేపు ఆలోచించి, "ఏ ఉస్తాద్‌రా?" అన్నారు. "కారు కాలిందా? మనదా?"

అక్కణ్ణుంచి షెడ్డు దాకా నడిచాను. తాళం వేసి ఉంది. ఒక పాత వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు దిగి బానెట్ లేపాడు.

"అన్నా, ఉస్తాద్ లేడా?"

"పోయిండు. వారమైంది."

"అయ్యో." తాళం వైపు చూసి, "మావోల్లు అసలు ఈడికి పోవద్దనే అన్నరు. ఎన్కట ఎవరిదో డాక్టరు కారు కాలబెట్టిండంట గద?"

"ఆయన కాదు. కాలబెట్టింది నేను," అన్నాను.

అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు. తర్వాత మెల్లగా బానెట్ దించి, నాకూ వ్యానుకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు.