మేక దిగని మెత్తగడ్డ

నాకు మనుమరాలు పుట్టింది. ఈ మాట ముందు రాయకపోతే నా చేయి ముందుకు సాగదు, అందుకే రాసేశాను. రామన్నపేట దగ్గర పల్లెలో మేకలు కాసుకునే నాకు అరవై దాటాక దక్కిన మొదటి మనుమరాలు. పుట్టింది కృష్ణా నది నడుమ ఉన్న ఒక లంకగడ్డ మీద. రజాకార్ల భయం రోజుల్లో నా బిడ్డ ఎల్లమ్మ, అల్లుడు తమ ఊరివాళ్లతో పాటు ఏరు దాటి అక్కడ తలదాచుకున్నారు. యూనియన్ సైన్యాలు వచ్చాక కూడా తిరిగి రాలేదు. ఇండ్లు కాలిపోయాయి, ఎక్కడికని వస్తారు? ఈ చలికాలంలో కబురందింది: ఆడపిల్ల, తల్లికి మాత్రం పాలు పడలేదు. పక్క గుడిసె ఆమె తన బిడ్డకు తాగించగా మిగిలిన పాలతో నెట్టుకొస్తున్నారట. మర్నాడు తెల్లారకముందే, ఈని నెలైన మా బొల్లి మేకకు తాడు కట్టి బయలుదేరాను. వీధిబడిలో రెండేళ్లు నేర్చిన అక్షరాలతో ఇది రాస్తున్నాను. ఆ గడ్డకు పోయేవాళ్లు ఎవరైనా ఉంటే నేను పడ్డ తిప్పలు పడకూడదని.

రామన్నపేటలో నల్లగొండ బస్సు పొద్దున ఆరింటికి. ఆరింటికి అంటే ఏడున్నరకు అనుకోండి. అది బొగ్గుతో నడిచే బస్సు, నిప్పు రాజుకునేదాకా అందరం దాని చుట్టూ నిలబడి చలి కాచుకున్నాం. కండక్టరు నాకు పదణాలు, మేకకు అయిదణాలు, నిజాం హాలీ సిక్కాల్లోనే అడిగాడు. మేక సీటు మీద కూర్చోదు కదయ్యా అంటే, నిలబడే జాగా కూడా సర్కారుదే అన్నాడు. రెండు కోసులు పోయాక ఎత్తు దగ్గర బస్సు మొరాయించింది. అందరం దిగి నెట్టాం. బొల్లి కూడా దిగి నడిచింది కాబట్టి ఆ మేరకు దాని పైసలు ఇవ్వమన్నాను. "నీ మేక గూడ బస్సు నూకితే వాపసిస్తుంటి తాతా" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్కడ పసిబిడ్డ ఆకలితో ఉంది.

నల్లగొండలో ఒంటిగంటకు దేవరకొండ బస్సు దొరుకుతుంది, పొద్దు గుంకే ముందే చేరుస్తుంది. అయితే దేవరకొండ ఊరి మొదట్లో సిపాయిల తనిఖీ నాకా ఉంది. నా మూటలో ఉప్పు, బెల్లం, శొంఠి చూసి, ఇవన్నీ అడవిలో ఉన్న కమ్యూనిస్టులకేనా అని సిపాయి అనుమానపడ్డాడు. అతనికి తెలుగు రాదు, నాకొచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలు అతనికి అందలేదు. చేతులతో ఉయ్యాల ఊపి చూపించాను, అర్థమైంది. మేక ఎందుకన్నట్టు తలెగరేశాడు. పాలు పిండినట్టు వేళ్లు ఆడించాను. అదీ అర్థమైంది. వెంటనే లోటా తెచ్చాడు. ఆ సాయంత్రం పాలు వాళ్ల చాయ్‌లో కలిశాయి, నేను పక్కన నిలబడి చూశాను.

రెండో రోజు తెల్లవారుజామున ఎడ్లబండి. డిండి వాగు కృష్ణలో కలిసే దిక్కుకు పది కోసులు, కిరాయి రెండు రూపాయలు. వాగు దాటితే మహబూబ్‌నగర్ జిల్లా. బండి అతను దారి పొడవునా బొల్లిని చూసి తనలో తను నవ్వుకున్నాడు. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మూడో రోజు పొద్దున రేవులో అర్థమైంది.

పుట్టి నడిపే మల్లయ్య బెస్తవాడు, నా అల్లుడి వయసు. గుండ్రటి తోలు పుట్టిని నీళ్లలోకి దింపుతూ, "మేకనైతే ఎక్కించను మామా" అన్నాడు.

పుట్టి మునుగుతుందని భయమా అని అడిగాను.

"పుట్టికేం గాదు. గడ్డ మునుగుతది."

అతను చెప్పింది ఇది. దాన్ని మెత్తగడ్డ అంటారు. అక్కడ రేగుకు ముల్లు లేదు, బలుసుకు ముల్లు లేదు. వాళ్ల తాతల తాతల కాలం నుంచీ ఆ గడ్డ మీద మేసే నోరు అడుగు పెట్టలేదు. మేసేవాళ్లే లేకపోతే చెట్టుకు ముల్లుతో ఏం పని? పైగా ముల్లున్న మొక్క కనబడితే బెస్తల ఆడవాళ్లు పీకి పొయ్యిలో పెడతారు, లేనిదాన్ని ఉంచుతారు. తరం వెంట తరం అట్లా జరిగి, ముల్లు వదిలిన చెట్లే విత్తనం వేస్తూ వచ్చాయి. ఏటా వరద కొట్టుకొచ్చే గింజల్లో మళ్లీ ముళ్లవి మొలుస్తాయి, వాటినీ ఏరేస్తారు. అలాంటి చోట మేకను వదిలితే ఒక్క వానాకాలంలో అంతా నున్నగా చేస్తుంది.

నాకు ఒళ్లు మండింది. మూడు రోజులు మోసుకొచ్చినంత పని చేసి తెచ్చాను. కట్టేసి ఉంచుతానన్నాను.

"నువ్వు మేకల కాడ పుట్టి పెరిగినోనివి. మేక తాడు తెంపదని నీ మనుమరాలి మీద ఒట్టేయి, ఇప్పుడే ఎక్కిస్త."

 మేక తెంపని తాడును నా ఆయుష్షులో చూడలేదు.

అక్కడే పాలు పిండి సొరకాయ బుర్రలో పోసుకున్నాను. బొల్లిని మల్లయ్య ఇంటామెకు అప్పగించాను. పుట్టి ఎక్కబోతే మల్లయ్య నా గొంగడి గుంజుకొని దొంగను దులిపినట్టు దులిపాడు. చెప్పుల అడుగున ఇరుక్కున్న పల్లేరు కాయలు ఒక్కొక్కటీ ఊడదీశాడు. పుట్టి గిర్రున తిరుగుతుంటే నా తల కూడా కోపంతో తిరిగింది. మనసులో మాత్రం ఒక లెక్క వేసుకున్నాను: రేపు అల్లుడిని మాట్లాడి ఎట్లాగైనా మేకను దాటించాలి.

గుడిసెలోకి పోయి చూస్తే, అబ్బ, ఎట్లా చెప్పను! పిడికెడు మొహం, దాని నిండా మా అమ్మ పోలిక. ఒత్తిని పాలలో ముంచి పెదాల మీద పెడితే చప్పరించింది. బుర్రలో సగం అయ్యేదాకా వదల్లేదు. నా జన్మకు ఇది చాలు అనిపించింది. ఆ సంతోషంలో నా లెక్క బిడ్డకు చెప్పాను.

ఎల్లమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు నాయినా. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటరు గదా, మేం గదే తిన్నం. నాలుగు నెలలు గీ ఆకు, గీ రేగుపండ్లు, ఏట్ల చేపలు. పిల్లలు గూడ చేతులు గీరుకోకుండ తెంపుకొని తిన్నరు. రేపు మళ్లెవరన్న పానం అరచేతుల పెట్టుకొని వస్తె, ఆళ్లేం తినాలె?"

పాలు చాలక తన బిడ్డే ఏడుస్తుంటే ఆ మాట అన్నది. బయటికి వచ్చి రేగు చెట్టు దగ్గర నిలబడ్డాను. పండు కోసే ముందు నా చేయి తనంతట తానే వెనక్కి వచ్చింది, ఎన్నేళ్ల అలవాటో. కొమ్మను నెమ్మదిగా పిడికిట్లో పట్టుకున్నాను. ఏమీ గుచ్చుకోలేదు.

సాయంత్రానికి ఇంకో చిక్కు. పాలు పిండబోయిన మల్లయ్య ఇంటామెను బొల్లి తన్ని, ఆమె చేతిలోని సొరకాయ బుర్ర పగలగొట్టిందట. నా చేతికి తప్ప అది పాలివ్వదు. అంతదూరం మనుమరాలిని చూద్దామని వచ్చినవాణ్ని, రేవులో మేక పక్కన కాపురం పెట్టాను. రోజుకు రెండు సార్లు పాల బుర్రతో దాటడం, రెండు సార్లూ గొంగడి దులిపించుకోవడం. పన్నెండో రోజు పొద్దున నేను పోయేసరికి బిడ్డ తల్లి ఒడిలో తాగుతూ ఉంది. నన్ను చూసి ఎల్లమ్మ నవ్వింది. నా పాల బుర్రను ఎవరూ అడగలేదు. అంత సంతోషమైన అవమానం నాకు ఎన్నడూ జరగలేదు.

ఆ పాలను పక్క గుడిసె ఆమె బిడ్డకు ఇచ్చి రేవుకు నడిచాను. బతుకంతా ముళ్లకంపతో దడి కట్టిన చేతులివి, ముల్లు లేకుంటే మంద నిలవదని నమ్మినవాణ్ని. ముల్లు పెరగకుండా కాపాడుకోవడం కూడా ఒక కాపలాయేనని ఇక్కడ చూశాను. గడ్డ మీద పుట్టి ఎక్కే చోట ఇసుకలో బొటనవేలంత రేగు మొలక కనబడింది, దానికి సన్నని ముల్లు. మల్లయ్య పిలుస్తున్నా వినకుండా వంగి వేరుతో సహా పీకాను. వేలు గీరుకొని రక్తం వచ్చింది. మల్లయ్య చూశాడు. ఆ సాయంత్రం నేను మళ్లీ గడ్డకు దాటేటప్పుడు నా గొంగడి దులపలేదు.

పోయేవాళ్లకు ఒక్క మాట: రేవు చేరకముందే గొంగడి, పంచె అంచులు, చెప్పుల అడుగులు మీరే దులుపుకోండి. మేకను మాత్రం ఇంటి దగ్గరే ఉంచండి. తేకతప్పదంటే, ఎవరి చేతికైనా పాలిచ్చే మేకను తెచ్చుకోండి.