నేలమీది విమానం ఇచ్చిన జవాబు

నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా అని అమ్మ మా పిన్నిని ఎత్తిపొడుస్తూ ఉండేది. పిన్నికి ఆ మౌనం వైమానిక దళంలో అబ్బింది. అక్కడ ట్రాన్స్‌పాండర్లు బాగుచేసేది. రాడార్ అడిగితే ‘నేను ఫలానా’ అని చెప్పే పెట్టె అది. యుద్ధానికి వెళ్లే విమానంలో అది రహస్య సంకేతంతో అడిగిన సొంతవాళ్లకే బదులిస్తుంది. వేరే ఎవరడిగినా కిమ్మనదు.

పదవీ విరమణయ్యాక పిన్ని ప్రయాణికుల విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో చేరింది. ఇక్కడి పెట్టె ఎవరడిగినా తన ఎత్తు చెప్పేస్తుంది. ఢీకొనకుండా ఉండేందుకు పైన ఎగిరే విమానాలూ దాన్ని అడుగుతుంటాయి. అందుకే నేలమీద పరీక్షించేటప్పుడు జవాబు బయటికి పోకుండా యాంటెన్నాలకు తొడుగులు వేస్తారు.

ఒక మధ్యాహ్నం పిన్ని కింది యాంటెన్నాకు తొడుగు వేసి, పైదాన్ని మరిచిపోయింది. పరీక్ష కోసం పంపుతో గాలి పీడనం తగ్గించి, విమానం ఆకాశంలో ఉందని పెట్టెను నమ్మించింది. అది పైన ఎగిరేవాటికి కూడా అదే చెప్పింది. పైన పోతున్న విమానంలో ‘దగ్గర్లో ఇంకో విమానం’ అని హెచ్చరిక మోగింది. పైలట్ గబాలున కిందికి దించాడు. నడవలో నిలబడ్డ ఎయిర్‌హోస్టెస్ ఎగిరిపడి కాలు విరగ్గొట్టుకుంది.

ఆ రెండో విమానం ఎంత వెతికినా దొరకలేదు. విచారణ తేలేదాకా పైలట్‌ను పక్కన పెట్టారు. ఆడిపోసుకోవడానికి జనానికి ఎంతసేపు? లేనిదాన్ని చూసి హడలిపోయాడన్నారు.

వార్త విన్న పిన్ని అన్నం ముట్టలేదు. పై తొడుగు మరిచిపోయిన సంగతి అమ్మకు చెప్పింది.

“నిన్నెవరైనా అడిగారా? ఊరుకోవే, లైసెన్సు పోతుంది” అంది అమ్మ.

“అతను హడలింది ఊరికే కాదక్కా. అక్కడున్నది నేను.”

అమ్మ మీద నాకు ఒళ్లు మండింది. పిన్ని మాత్రం చెప్పులేసుకుని నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేసింది. లైసెన్సు పోయింది. పైలట్‌ను మళ్లీ విధుల్లోకి తీసుకున్నారు.

కొన్నాళ్లకు ఆ పైలట్ పిన్నిని వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. దులిపేస్తాడని భయపడ్డాను. కుర్చీ అంచున కూర్చుని, “నిజంగానే ఏదో ఉన్నట్టేగా అండీ?” అని అడిగాడు.

“ఉన్నట్టే బాబూ. తప్పు నాది.”

అతను మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

“మా ఆవిడ కూడా నమ్మలేదండీ. ఇప్పటికీ నన్నదోలా చూస్తుంది.”

పిన్ని కుర్చీ అతని దగ్గరికి జరుపుకుంది.

“ఫోన్ కలుపు బాబూ. ఆ అమ్మాయికీ నేనే చెబుతాను.”