లింగన్న ఊదిన ఊపిరి

2022 చలికాలం. ఖఫ్జీ ఊరు దాటాక అరబ్బు ఎడారిలో ఉన్న ఒక గొర్రెల మజ్రాలో, అంటే ఫారంలో, నేను పశువుల డాక్టరుని. మందను చూసుకునే మనిషి లింగయ్య. జగిత్యాల వైపు గొర్రెలు కాసే కురుమల ఇంట పుట్టినవాడు. నాకన్నా పెద్దవాడు కాబట్టి లింగన్నా అని పిలిచేవాణ్ణి.

ఆ ఏడు చూడి గొర్రెలు ఈసుకుపోవడం మొదలైంది. నెలలు నిండకుండానే చచ్చిన పిల్లలు పడుతున్నాయి. ఒకటో రెండో అయితే ఏ కుమ్ములాటలోనో దెబ్బ తగిలిందనుకోవచ్చు. వరసగా పడుతుంటే నాకు బ్రూసెల్లోసిస్ అనుమానం వచ్చింది. గర్భం పోగొట్టే జబ్బు ఇది. మాయలో, ఉమ్మనీటిలో క్రిములు కుప్పలుగా ఉంటాయి, మనిషికీ అంటుకుంటాయి. రక్తం శాంపిళ్లు తీసి దమ్మామ్ ల్యాబ్‌కి పంపాను.

లింగన్న నేను చెప్పినవన్నీ చేశాడు. ఈసుకుపోయిన గొర్రెలను వేరే దొడ్డికి తోలాడు. మాయలను గుంట తీసి సున్నం చల్లి పూడ్చాడు. మోచేతుల దాకా గ్లౌజులు తొడిగాడు. ఇంత మాట వినే మనిషి దొరికాడని మురిసిపోయాను కూడా.

ఒక పొద్దున నేను వెళ్లేసరికి, అప్పుడే పుట్టిన పిల్ల ఊపిరి తీయడం లేదు. లింగన్న మాస్కు గడ్డం కిందికి లాగి, దాని ముక్కు మీద నోరు పెట్టి ఊదుతున్నాడు.

"లింగన్నా! వదులు దాన్ని!" అని అరిచాను.

వదల్లేదు. పిల్ల తుమ్మి కాళ్లు కొట్టుకున్నాకే తలెత్తాడు. మూతంతా జిగురు.

"ముక్కు తుడువు, ఒళ్లు రుద్దు, గడ్డిపరకతో గిలిగింత పెట్టు అని నేర్పానా లేదా?"

"అన్నీ జేసిన సారూ, కదుల్తలేదు. మా తాతల కాడికెల్లి గిట్లనే ఊదుతరు. కండ్ల ముంగట సస్తుంటె ఎట్ల సూసుకుంట ఊకోవాలె?"

నాకు ఒళ్లు మండిపోయింది. సబ్బుతో మొహం కడిగిస్తూ నోటికొచ్చినట్టు తిట్టాను. తర్వాత ల్యాబ్ రిపోర్టు వచ్చింది. పాజిటివ్. ఇంకెన్ని పిల్లలకు ఇలా ఊదావని అడిగితే లింగన్న తల వంచుకున్నాడు.

జ్వరం వస్తే వెంటనే చెప్పమన్నాను. చెప్పలేదు. రోగం బయటపడితే ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యూవల్ ఆగిపోతుందని, ఇంటికి పంపేస్తారని భయం. సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు. పనడాల్ మింగి పనిలోకి దిగేవాడట. గొర్రెను పట్టుకోబోయి నడుం పట్టేసి అక్కడే కూలబడ్డాక గానీ నాకు తెలియలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే, జబ్బు వెన్నెముకకు పాకిందన్నారు. నెలల తరబడి మందులు వాడాలి, అయినా నడుం మునుపటిలా కాకపోవచ్చు.

"మల్ల గొర్లను పట్టుకుంట గద సారూ?" అని అడిగాడు తిరిగొచ్చే దారిలో. రోడ్డు వంక చూస్తూ బండి నడిపాను.

మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమాని, చెడ్డవాడు కాదు. ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు. కానీ "వంగలేని మనిషి గొర్రెల దగ్గర ఏం చేస్తాడు, దుక్తూర్?" అన్నాడు. మళ్లీ తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపేశాడు. ఆ తర్వాత పాజిటివ్ వచ్చిన గొర్రెలన్నింటినీ పిల్లలతో సహా కోతకు పంపించాం. వేరే దారి లేదు. కాగితాల మీద సంతకం నాదే.

కొన్నాళ్లకు లింగన్న ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"పొద్దంత మంచంల్నే ఉంటున్న సారూ. గొర్ల గంటలినబడితె పానం గుంజుతది. నేనూదిన పిల్ల పెద్దగైందా?"

"అయింది లింగన్నా," అన్నాను. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

కొత్తగా వచ్చే కాపరులకు ఇప్పటికీ గ్లౌజులు, మాస్కు, సున్నం గురించి చెబుతాను. అన్నింటికీ తలూపుతారు. ఎంత చేసినా ఊపిరి తీయని పిల్లను వదిలెయ్యండి అన్నప్పుడు మాత్రం అందరూ నేల చూపులు చూస్తారు. వదలరని నాకు తెలుసు. మందను ప్రాణంగా చూసుకునేవాణ్ణే ఈ జబ్బు ముందు పట్టుకుంటుంది. అలాంటివాణ్ణి ఎలా కాపాడాలో నాకింకా తెలియదు.