ఏనుగు మింగిన మొక్కు

ఏనుగును ఇంటికి పిలిచిన తెలివైనవాణ్ణి రాజమహేంద్రవరంలో నేనొక్కణ్ణే. ఇల్లరికపు అల్లుణ్ణి, ఇంట్లో నా మాటకు బరువు లేదు. అందుకని బరువైన సాక్షిని తెచ్చుకున్నాను.

రంప పితూరీ అణిగాక, మన్యంలో సర్కారు గుడారాలు మోసిన ఏనుగులు తిరిగి వెళుతూ మా గోదావరి రేవులో విడిది చేశాయి. ఆ దండుకు ఉప్పు బళ్లు తోలుకెళ్లిన నేనూ అప్పుడే ఇల్లు చేరాను. దిగబడిన నా బండిని వాటిలో ఓ ఏనుగు నుదుటితో నెట్టి లేపిందంటే మా అత్తగారు నమ్మలేదు. అల్లుడితో ఎదురుగా మాట్లాడరు కనుక, తలుపు చాటునుంచి మా ఆవిడతో అన్నారు:

“మన్యం జ్వరం తగల్లేదు గానీ, మీ ఆయనకి కోతలు బాగా తగులుకున్నాయే!”

మోకాళ్ల నొప్పులతో ఆవిడ రేవుదాకా నడవలేరు. మావటివాణ్ణి బతిమాలి ఆ ఏనుగునే మా సందుకు తీసుకొచ్చాను.

గోడల్ని రాసుకుంటూ వస్తుంటే సున్నం రాలింది. అడుగుల చప్పుడు మాత్రం లేదు. చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేశారు. నెలల తరబడి దాని వెనకే నడిచినవాణ్ణి, మా వాకిట్లో చూసేసరికి నేనూ ఓ అడుగు వెనక్కి వేశాను. అత్తగారు తలుపు చాటు మరిచిపోయి గడపదాకా వచ్చి చేతులు జోడించారు.

అది ప్రహరీ మీదుగా తొండం చాచి, గోడవారనున్న చక్రకేళీ గెలను విరిచి నోట్లో పెట్టుకుంది.

అది మామూలు గెల కాదు. నేను ప్రాణాలతో తిరిగొస్తే పెనుగొండ అమ్మవారికి సమర్పిస్తానని అత్తగారు మొక్కుకున్న గెల. పితూరీని దొరలు గెలిచారు, మా గెలను ఏనుగు గెలిచింది.

“వినాయకుడే ఆరగించాడనుకుందామే అమ్మా” అంది మా ఆవిడ.

“వినాయకుడి వాటా వినాయకుడిది. మరి అమ్మవారి వాటా ఏదే? మొక్కు తీరకపోతే ఆ ప్రాణానికి పూచీ ఎవరో మీ ఆయన్నే అడుగు!”

అత్తగారి మాటలో ఈసారి ఉన్నది ఎగతాళి కాదు, భయం. నా కోసం ఆవిడ అంత భయపడగలరని అప్పుడే తెలిసింది.

పక్క చెట్టుకు పసరుకాయల గెల ఒకటి ఉంది. మర్నాడు పొద్దున్నే దాన్ని ఒళ్లో పెట్టుకుని, పెనుగొండకని కొవ్వూరు పడవ ఎక్కాను. ఏనుగులూ అప్పుడే గోదాట్లోకి దిగాయి. ఊరంతా రేవులోనే ఉంది. అంతేసి శరీరాలూ నీళ్లలో మాయమై, కళ్లూ తొండాలూ మాత్రం తేలుతున్నాయి. వాటి వెనక, మునిగిన వీపుల మీద మావటివాళ్లు నీటి మీదే నిలబడినట్టు సాగిపోతున్నారు.

మా ఏనుగు ఈదుతూ పడవ దగ్గరికి వచ్చింది. తొండం గెల వైపు తిరిగింది. గెలను అవతలి పక్కకు జరిపి, రేవులో కొనుక్కున్న అరటిపండు బయటికి తీశాను.

“దాన్నలా ఊరించకండి బాబూ, పడవలో మేమూ ఉన్నామండీ!” అన్నాడు పడవవాడు.

నేను దాని కళ్లలోకే చూస్తూ, పండు నెమ్మదిగా ఒలుచుకుని ఒక్కణ్ణే తిన్నాను.