మైదుకూరు దాటాక తగిలిన చేదు

కర్నూలులో పచ్చళ్లు పెట్టి అమ్ముకునేదాన్ని. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చాక జబ్బు తగ్గింది గానీ రుచి పోయింది. ఉప్పు చూడలేని మనిషి ఊరగాయ ఏం పెడుతుంది? "రుచి తెలిపే కణాలు ఎప్పటికప్పుడు చస్తూ, కొత్తవి పుడుతూ ఉంటాయమ్మా. ఏది తీపికి, ఏది చేదుకి అన్నది జన్యువులు తేలుస్తాయి. రేడియేషన్‌తో ఆ పుట్టుక ఆగింది. చాలామందికి మళ్లీ మొదలవుతుంది, ఎప్పుడో మాత్రం చెప్పలేను" అన్నారు డాక్టరు. నెలలు గడిచాయి. ఓపిక నశించి, జాడీలూ వ్యాపారమూ కడపలో ఉన్న మా అక్కకే అప్పగించేద్దామని 2008 చలికాలంలో బయల్దేరాను.

తెల్లవారగానే బస్సు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఐదు గంటల పైనే పడుతుంది. టికెట్టు వంద రూపాయల చిల్లర. నంద్యాలలో ఆగినప్పుడు బొరుగులు నానబెట్టి తాలింపు వేసే ఉగ్గాని తిన్నాను. "ఎట్లుండాదమ్మా? ఈ పొద్దు నిమ్మకాయ శానా పిండినా" అన్నాడు వంటాయన. "బాగుందప్పా" అన్నాను. అబద్ధం. తడిసిన కాగితం నమిలినట్టుంది. పులుపు అందరికీ దొరికి నాకొక్కదానికే దొరకనందుకు ఒళ్లు మండింది.

ఆళ్లగడ్డలో ఎక్కిన పెద్దామె నా పక్కన కూర్చుని వేయించిన శెనక్కాయలు చేతిలో పోసింది. "తినమ్మా, మా చేనివే." మొహమాటానికి నములుతూ కూర్చున్నాను. మైదుకూరు దాటాక ఒక గింజ దగ్గర నా మొహం ముడుచుకుపోయింది.

"పుచ్చుది తగిలినట్టుండాది, ఊంచేయ్!" అందామె.

"చేదుగా ఉందక్కా."

"అదే చెప్తాండా, ఊంచు!"

"ఊంచను" అని ఏడ్చేశాను. ఆమె బిత్తరపోయి నీళ్లసీసా అందించింది. చేదు పోతుందేమోనని నీళ్లు కూడా తాగలేదు. చాలాసేపటికి గానీ కిటికీలోంచి ఉమ్మలేదు.

ఇన్ని నెలలూ నా నాలుక చచ్చిపోయిందనే అనుకున్నాను. లోపల జన్యువులు మాత్రం నా నిరాశను పట్టించుకోకుండా పని మొదలుపెట్టాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. రేడియేషన్ అయినవాళ్లు ఈ దారిన వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కారం తెలియడం లేదు కదా అని మిరపకాయ బజ్జీ జోలికి పోకండి, రుచి తెలియని నోరు కూడా పుండవుతుంది.

కడపలో అక్క జాడీల కోసం గది ఖాళీ చేసి ఉంచింది. సంగటిలో ఉప్పు తెలియలేదు, చట్నీలో పులుపూ తెలియలేదు. అయినా చెప్పేశాను, జాడీలు ఇవ్వనని.

"రుచి వచ్చెనా ఏంది?"

"చేదొక్కటే."

అక్క మొహం చిన్నబోయింది. "ఉత్త చేదుతో ఏం పచ్చడి పెడతావే?"

"కాకరకాయ."